సీమ నీటి లెక్కలు, లైబ్రరీలోని ప్రమేయాలు

పక్క చేలో కొత్త బోరు పడితే మన బోరులో నీళ్లు ఎంత దిగుతాయి? కర్నూలు, కడప జిల్లాల్లో ఈ ప్రశ్న మీద తగాదా పడని ఊరు అరుదు. బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలని 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతుంది. ఎంత దూరంలో ఎంత ప్రభావం ఉంటుందో గణితం అంతకు చాలా ముందే చెప్పింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన చార్లెస్ థైస్, భూమిలో నీళ్లు కదిలే తీరు లోహంలో వేడి పాకే తీరును పోలి ఉందని గమనించాడు. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఉన్న గణితజ్ఞుడు క్లారెన్స్ లూబిన్ సాయంతో 1935లో ఒక సూత్రం ప్రచురించాడు. పంపు నీళ్లు తోడే వేగం, రాతిపొర నీటిని పారించే శక్తి, నిల్వ ఉంచుకునే శక్తి, దూరం, కాలం అనే అయిదూ ఇస్తే నీటిమట్టం ఎంత దిగుతుందో ఆ సూత్రం చెబుతుంది.

ఆ సూత్రం నడుమ ఘాతీయ సమాకలని అనే ప్రమేయం ఒకటి కూర్చుని ఉంది. కూడికలు, గుణకారాలు, సంవర్గమానాలు, సైన్‌లు ఎన్ని కలిపినా పరిమితమైన పదాల్లో దాన్ని రాయలేం. గామా, బెసెల్, దోష ప్రమేయాలు కూడా ఈ కోవవే. గణితంలో వీటిని ప్రత్యేక ప్రమేయాలంటారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో వీటిని పరీక్ష కోసం చదివి మరిచిపోవడం మామూలు. సీమ నీటి లెక్క ఏది పట్టుకున్నా, భూగర్భజలం గానీ వాన గానీ వరద గానీ, ఇవే ఎదురొస్తాయి. వీటిని కట్టడం కష్టంగా ఉన్న రోజుల్లో పెద్దలు అడ్డదారి సూత్రాలు తయారుచేశారు. ఇప్పుడు అసలు ప్రమేయాలే ప్రామాణిక లైబ్రరీల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా మన పాఠాల్లో, ఎక్సెల్ షీట్లలో పాత అడ్డదారులే నడుస్తున్నాయి. వాటిని ఎప్పుడు వదలాలి, లైబ్రరీని ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ సమీక్ష.

ముందు ఒక లెక్క దగ్గరగా చూద్దాం. రోజుకు లక్ష లీటర్లు, అంటే 100 ఘనమీటర్లు తోడే బోరు ఒకటి ఉందనుకుందాం. రాతిపొర పారించే శక్తి రోజుకు 25 చదరపు మీటర్లు, నిల్వ గుణకం 0.001. మన బోరు దానికి 50 మీటర్ల దూరంలో ఉంది. దూరాన్ని వర్గం చేసి నిల్వ గుణకంతో గుణించి, పారించే శక్తినీ కాలాన్నీ గుణించిన దానికి నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చే సంఖ్యను పుస్తకాలు యూ అంటాయి. ఒక్క రోజుకు ఇక్కడ యూ విలువ 0.025. దానికి ఘాతీయ సమాకలని 3.1365. నీటిమట్టం దిగేది దాదాపు సరిగ్గా ఒక మీటరు. అదే పంపు ఆగకుండా నెల రోజులు ఆడితే రెండు మీటర్లు దాటుతుంది. 300 మీటర్ల దూరంలో అయితే మొదటి రోజు దిగేది 8 సెంటీమీటర్లే.

1942లో వెంజెల్ ఈ ప్రమేయం విలువల పట్టిక అచ్చువేశాడు. అప్పటినుంచి ఇంజనీర్లు పట్టిక విలువలను లాగ్ కాగితం మీద గీతగా గీసుకుని, పంపు పరీక్షలో వచ్చిన కొలతలను పారదర్శక కాగితం మీద చుక్కలు పెట్టి, ఒకదాని మీద ఒకటి జరుపుతూ సరిపోల్చేవాళ్లు. మన భూగర్భజల కోర్సుల్లో ఈ పద్ధతి ఇప్పటికీ చెబుతారు. చెప్పాలి కూడా. కొలతలు ఎక్కడ గీత తప్పుతున్నాయో కంటికి అంత బాగా చూపించే పద్ధతి మరొకటి లేదు.

1946లో కూపర్, జేకబ్ దీన్ని ఇంకా తేలిక చేశారు. యూ బాగా చిన్నదైతే ప్రమేయపు శ్రేణిలో మొదటి రెండు పదాలు చాలు: ఆయిలర్ స్థిరాంకం 0.5772, యూ సంవర్గమానం. ఆ రెంటినీ కలిపి గుర్తు మార్చితే విలువ వచ్చేస్తుంది. 50 మీటర్ల లెక్కలో ఈ అడ్డదారికీ అసలు విలువకీ తేడా సెంటీమీటరు లోపే. కానీ 300 మీటర్ల దగ్గర యూ విలువ 0.9. అక్కడ అడ్డదారి సూత్రం రుణసంఖ్య ఇస్తుంది. పక్కవాడు నీళ్లు తోడితే మన బోరులో 15 సెంటీమీటర్లు పైకొస్తాయన్నమాట! యూ 0.01 కన్నా తక్కువ ఉంటేనే వాడమని పాఠ్యపుస్తకం హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఎక్సెల్ గడిలోకి ఎక్కదు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన షీటులో సూత్రం మిగులుతుంది, షరతు పోతుంది. అందుకే అడ్డదారిని గ్రాఫు మీద గీత గీయడానికి ఉంచుకుని, అంకె కావలసిన ప్రతిచోటా అసలు ప్రమేయాన్నే పిలవాలని నా అభిప్రాయం.

లెక్కల సంఖ్య కూడా ఇదే చెబుతుంది. మోటారు ఇరవైనాలుగు గంటలూ ఆడదు, కరెంటు ఉన్నప్పుడే ఆడుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఒక విలువ కూడాలి, ఆపిన ప్రతిసారీ ఒక విలువ తీసేయాలి. ఊళ్లో 60 బోర్లు, రోజుకొక ఆన్, ఒక ఆఫ్ అనుకుంటే ఒక్క చోట ఏడాది చివరి నీటిమట్టం కోసం ప్రమేయాన్ని 43,800 సార్లు కట్టాలి. పట్టికతో ఇది జరిగే పని కాదు. పైథాన్ భాషలోని సైపై లాంటి లైబ్రరీ మొత్తం వరసను ఒకేసారి తీసుకుని రెప్పపాటులో ఇస్తుంది.

శ్రేణి పుస్తకంలోనే ఉంది కదా, ప్రోగ్రాము మనమే రాసుకుంటే పోలేదా అని చురుకైన విద్యార్థి అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. యూ 20 దగ్గర ఆ శ్రేణిని కట్టి చూడమనండి. పదాలు ఒకటి ధనం, ఒకటి రుణంగా వస్తూ, పద్దెనిమిదో పదం దగ్గర 22 లక్షలు దాటుతాయి. ఆ పెద్ద సంఖ్యలు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగలాల్సిన అసలు విలువ వెయ్యి కోట్లలో ఒక వంతుకు కాస్త తక్కువ. కంప్యూటర్ మామూలు దశాంశ సంఖ్యలో సుమారు 16 అంకెలే పట్టి ఉంచుతుంది. 22 లక్షల పరిమాణంలో పోయే చివరి అంకె తప్పే మన జవాబు కన్నా పెద్దది. వచ్చేది చెత్త, ఒక్కోసారి రుణ చెత్త. లైబ్రరీ రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే యూ 1 వరకు శ్రేణి వాడతారు. 1 దాటాక భిన్నం కింద భిన్నం, దాని కింద ఇంకో భిన్నంగా సాగే రూపానికి మారతారు. అందులో పెద్ద సంఖ్యలు కొట్టేసుకోవడం ఉండదు. దోష ప్రమేయంలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. 6 దగ్గర దాని విలువను 1 లోంచి తీసేస్తే కంప్యూటర్‌లో సున్నా వస్తుంది. మిగులు భాగాన్ని నేరుగా కట్టే పూరక ప్రమేయాన్ని పిలిస్తే అసలు సంఖ్య వస్తుంది. అది చాలా చిన్నదే, కానీ సున్నా కాదు.

ఈ నేర్పు ఒక్క రోజులో పోగుపడలేదు. అమెరికాలో 1938లో మొదలైన గణిత పట్టికల ప్రాజెక్టులో వందలమంది చేత్తో లెక్కలు కట్టారు. ఆ పనిలో చేయి తిరిగినవాళ్ల కృషి 1964లో అబ్రమోవిట్జ్, స్టెగన్ సంపాదకత్వంలో పెద్ద పుస్తకంగా వచ్చింది. దాని వారసురాలు 2010 నుంచి ఉచిత డిజిటల్ గ్రంథంగా అందుతోంది. ఆర్గాన్ ప్రయోగశాలలో విలియం కోడీ, శాండియాలో డోనల్డ్ ఎమోస్ ఫోర్‌ట్రాన్‌లో రాసిన ప్రోగ్రాములు, స్టీఫెన్ మోషియర్ సీ భాషలో రాసిన సెఫిస్ లైబ్రరీ తర్వాతి తరానికి పునాది. ఎమోస్ 1986లో ప్రచురించిన బెసెల్ ప్రోగ్రాములు సైపైలో దశాబ్దాల పాటు నడిచాయి. ఇటీవల వాటిని ఆధునిక భాషల్లోకి మారుస్తున్నారు.

ప్రామాణిక లైబ్రరీ అన్న మాట విని అన్నీ ఉంటాయనుకోకూడదు. సీ భాష 1999 ప్రమాణంలో గామా, దాని సంవర్గమానం, దోష ప్రమేయం, దాని పూరకం ఉన్నాయి, అంతే. పైథాన్ మ్యాత్ మాడ్యూల్‌లో ఉన్నవీ ఈ నాలుగే. ఫోర్‌ట్రాన్ 2008 బెసెల్‌లో మొదటి, రెండో రకాలను చేర్చింది. బావుల లెక్కలకు కావలసిన సవరించిన బెసెల్ కే అందులో లేదు. సీ++ 2017 ప్రమాణం అదీ, ఘాతీయ సమాకలనీ ఇచ్చింది గానీ వాన లెక్కలకు ప్రాణమైన అసంపూర్ణ గామాను వదిలేసింది. పైగా అన్ని కంపైలర్లూ ఆ జాబితాను ఇంకా పూర్తిగా అందించడం లేదు. ఎక్సెల్‌లో గామా విభాజనం ఉంది, బెసెల్ కే కూడా ఉంది, ఘాతీయ సమాకలని లేదు. ఆర్ భాషకు కూడా అది అదనపు ప్యాకేజీ నుంచి తెచ్చుకోవాల్సిందే. ఇవన్నీ చూశాక కర్నూలు, కడపల్లో చదివే పిల్లలకు నేను ముందుగా చెప్పేది సైపై. డబ్బు ఖర్చు లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు, భూగర్భజలం, వాన, వరద అనే మూడు పనులకూ కావలసినవన్నీ ఒకేచోట ఉన్నాయి. సీ++ తప్పనిసరి అయినవాళ్లకు బూస్ట్ లైబ్రరీ మంచిది. ఎక్కువ అంకెలతో సరిచూసుకోవడానికి ఎంపీమ్యాత్ పక్కన ఉండాలి. అది నెమ్మది, కానీ నిజాయితీగల సాక్షి.

ఇక పేర్ల సంగతి. మ్యాట్‌ల్యాబ్‌లో ఎక్స్‌పింట్ అంటే థైస్ సూత్రానికి కావలసిన ప్రమేయమే. సీ++లో అదే పేరుతో ఉన్నది దాని తోబుట్టువు. దాన్ని వాడాలంటే యూకు రుణగుర్తు పెట్టి పిలిచి, వచ్చిన జవాబు గుర్తు మార్చాలి. ఇది తెలియక యూ 0.025తో నేరుగా పిలిస్తే −3.0865 వస్తుంది. ఆ రుణగుర్తు ఏదో పొరపాటనుకుని తీసేస్తే 3.0865. అసలు విలువ 3.1365కి అది రెండు శాతం లోపు తేడాలోనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 0.9 దగ్గర అదే పని చేస్తే 0.2602 రావాల్సిన చోట 1.6228 వస్తుంది. దగ్గరి బోర్లతో పరీక్షించి బాగుందనుకున్న ప్రోగ్రాము దూరపు బోర్ల దగ్గర ఇలా దెబ్బతింటుంది. అసంపూర్ణ గామాలోనూ ఇలాంటిదే ఉంది. సైపై, ఆర్, ఎక్సెల్ దాన్ని పూర్తి గామాతో భాగించి 0కీ 1కీ మధ్య ఇస్తాయి. ఎంపీమ్యాత్ అడగకపోతే భాగించదు. లైబ్రరీ మారినప్పుడల్లా, తెలిసిన విలువలు కనీసం రెండు, ఒకటి చిన్న యూ దగ్గర, ఒకటి పెద్ద యూ దగ్గర సరిచూడటం తప్పించుకోకూడని పని.

అసలు చిక్కు మన రాళ్లలో ఉంది. థైస్ ఊహించిన నేల అన్నివైపులా ఒకేలా పరుచుకున్న పొర. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు గ్రానైట్, నైస్ రాళ్లలో నీళ్లు ఉండేది పైన చివికిన పొరలో, దాని కింద పగుళ్లలో. తూర్పున, కడప వైపున నర్జి సున్నపురాయి, వేంపల్లె డోలమైటు, పులివెందుల క్వార్జైటు, తాడిపత్రి షేలు. సున్నపురాయిలో నీళ్లు తమ దారిని తామే తొలుచుకుంటాయి. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లోకి దిగినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. అందుకే రెండు చేల అవతల వెయ్యి అడుగులు వేసినా దుమ్మే లేస్తుంది, ఇవతల రెండించుల నీళ్లు పడతాయి. ఇలాంటి రాతికి 1988లో జాన్ బార్కర్ ఒక విస్తరణ ఇచ్చాడు. నీళ్లు బోరు వైపు ఎన్ని పరిమాణాల్లో వస్తున్నాయో దాన్నీ కొలతల నుంచే తేల్చాలన్నాడు. పొరంతటా సమంగా వస్తే 2, ఒకే పగులు వెంట వస్తే 1, నిజం చాలాసార్లు ఆ రెంటి మధ్య. థైస్ ప్రమేయం స్థానంలో అసంపూర్ణ గామా వస్తుంది, 2 దగ్గర అది తిరిగి థైస్‌దే అవుతుంది. సీమకు ఇంత దగ్గరైన సూత్రం మన కోర్సుల్లో దాదాపు వినబడదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

లైబ్రరీ కూడా ఇక్కడే మొండికేస్తుంది. పరిమాణం 2 కన్నా తక్కువైతే అసంపూర్ణ గామాకు ఇచ్చే మొదటి సంఖ్య రుణమవుతుంది. పరిమాణం 1.5 అయితే అది −0.25. సైపై ప్రమేయం రుణసంఖ్య తీసుకోదు, సంఖ్య కాదు అని తిప్పికొడుతుంది. దారి ఉంది: పునరావృత సూత్రంతో ఒక మెట్టు పైకెక్కి, 0.75 దగ్గర విలువ కట్టి, యూకు −0.25 ఘాతాన్నీ −యూకు ఘాతీయ ప్రమేయాన్నీ గుణించిన సంఖ్యను అందులోంచి తీసేసి, −0.25తో భాగించాలి. పూర్తి గామాతో గుణించడం మరవకూడదు, ఎందుకంటే సైపై భాగించి ఇస్తుంది. పరిమాణం 2కి మరీ దగ్గరైతే రెండు దాదాపు సమాన సంఖ్యల తీసివేత వచ్చి అంకెలు పోతాయి. అక్కడ ఘాతీయ సమాకలనికి మారాలి, లేదా ఎంపీమ్యాత్‌ను పిలవాలి. పది పంక్తుల ప్రోగ్రాము ఇది. ఎవరైనా ఒకసారి జాగ్రత్తగా రాసి, పరీక్ష విలువలతో సహా అందరికీ అందుబాటులో పెడితే సీమలోని ప్రతి భూగర్భజల విద్యార్థికీ పనికొస్తుంది.

పాత దిగుడు బావుల సంగతి వేరు. వాటి కడుపులోనే బోలెడు నీళ్లుంటాయి కాబట్టి మొదటి గంటల్లో దిగేది బావి నీళ్లే, రాతి నీళ్లు కావు. దీనికి 1967లో పాపడోపులోస్, కూపర్ జవాబు ఇచ్చారు. లాప్లాస్ రూపంలో బెసెల్ కేలతో కట్టి, తిరిగి కాలంలోకి తెచ్చుకోవడం నేటి మార్గం. పెద్ద సంఖ్యల దగ్గర బెసెల్ కే సున్నాకు కుంగిపోతుంది. ఘాతీయ భాగాన్ని విడదీసి ఇచ్చే రూపం లైబ్రరీలో పక్కనే ఉంటుంది, దాన్ని వాడితే సరి.

వాన లెక్కకు వద్దాం. కరువు మండలాల ప్రకటన మీద ఎంతమంది రైతుల సాయం ఆధారపడి ఉంటుందో సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1993లో మెక్కీ, డోస్కెన్, క్లైస్ట్ ప్రతిపాదించిన ప్రామాణిక వర్షపాత సూచీని 2009లో జరిగిన లింకన్ సమావేశం అన్ని దేశాల వాతావరణ సంస్థలకూ సిఫారసు చేసింది. మన దేశపు 2016 కరువు నిర్వహణ మాన్యువల్‌లోనూ అది ఒక కొలమానం. పాత వర్షపాతాలకు గామా విభాజనం సరిపోల్చి, ఈ ఏటి వాన కన్నా తక్కువ పడే సంభావ్యత కట్టి, దాన్ని సాధారణ విభాజనపు సంఖ్యగా మారుస్తారు. −1.5కి చేరితే తీవ్ర కరువు, −1కీ దానికీ మధ్య ఉంటే ఒక మోస్తరు.

ఒక మండలంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సగటు 450 మిల్లీమీటర్లు, గామా ఆకృతి సంఖ్య 9 అనుకుందాం. ఈ ఏడు 250 పడితే సూచీ −1.49. 249 పడితే −1.50. ఒక్క మిల్లీమీటరు రెండు వర్గాలను విడదీస్తోంది. లైబ్రరీ ఆ సంఖ్యను పదిహేను అంకెల దాకా సరిగ్గా ఇస్తుంది, నిజమే. మండలానికి ఉన్న ఒకటో రెండో వానమాపకాలు ఆ మిల్లీమీటరును అంత సరిగ్గా ఇవ్వవు. గోనెగండ్లలో పడిన వాన పక్క ఊళ్లో పడదు. కాబట్టి గీత మీద ఉన్న మండలాన్ని సూచీ ఒక్కదానితో అటూ ఇటూ తోయడం అన్యాయం.

ఈ సూచీ ప్రోగ్రాముల్లో పాత అడ్డదారులు రెండు దాక్కుని ఉంటాయి. మొదటిది సాధారణ విభాజనపు విలోమానికి హేస్టింగ్స్ 1955లో ఇచ్చిన ఉజ్జాయింపు. దాని తప్పు నాలుగో దశాంశంలో ఉంటుంది, పెద్ద ఇబ్బంది లేదు. రెండోది ఆకృతి సంఖ్య తేల్చడానికి 1958లో థామ్ ఇచ్చిన సూత్రం. నిజమైన ఆకృతి 9 అయితే అది 9.0002 ఇస్తుంది, వంక పెట్టలేం. కానీ ఆకృతి 0.5 ఉండే ఎండు నెలల్లో 0.52 ఇస్తుంది. నాలుగు శాతం తప్పు. సీమలో ఎండు నెలలే ఎక్కువ. డైగామా ప్రమేయం లైబ్రరీలో ఉండగా ఈ తప్పు మోయాల్సిన పని లేదు. ఇక జనవరి నుంచి మార్చి దాకా చుక్క పడని ఏళ్లు ఎన్నో. సున్నాకు సంవర్గమానం లేదు, గామా సరిపోల్చడం అక్కడే కూలుతుంది. సున్నా ఏళ్ల వంతును విడిగా లెక్కించి తర్వాత కలపాలి. ఈ మెట్టు మరిచిన ప్రోగ్రాము సున్నా ఏళ్లను నిశ్శబ్దంగా వదిలేస్తే, కరువు ఏళ్లు లెక్కలోంచే మాయమవుతాయి.

వరదల గురించి క్లుప్తంగా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయింది. నూరేళ్లకోసారి వచ్చే వరద ఎంత అన్న లెక్కలో గుంబెల్ విభాజనం, దాని సాధారణీకరించిన రూపంలో గామా ప్రమేయం ఉంటాయి. థైస్ సూత్రంలోని 0.5772యే గుంబెల్ సగటులోనూ కనిపిస్తుంది. వాన రోజుల లెక్కల్లో 365 క్రమగుణితం కట్టబోయినవాళ్లకు అనంతం ఎదురవుతుంది, ఎందుకంటే కంప్యూటర్ మామూలు సంఖ్య 170 క్రమగుణితం దాకానే పడుతుంది. గామాకు బదులు దాని సంవర్గమానంతో కట్టి చివర్లో ఘాతం చేస్తే సరిపోతుంది.

లెక్క కట్టడం ఇంత తేలికయ్యాక మిగిలిన కష్టమంతా కొలతల్లోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో కర్నూలు, కడప సహా ఏడు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టులో రైతులే వానమాపకం చూశారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, డ్రమ్ము పెట్టి గడియారం చూసి బోరు ఎన్ని లీటర్లు పోస్తుందో లెక్కగట్టారు, ఊరి నీటి పద్దు గోడ మీద రాశారు. అలాంటి కొలతలే థైస్ సూత్రానికీ బార్కర్ సూత్రానికీ కావలసినవి. పంపు పరీక్ష చేసేటప్పుడు మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి, తర్వాత వ్యవధి పెంచుకుంటూ నీటిమట్టం రాయాలి, మోటారు ఆపాక తిరిగి పైకెక్కే మట్టమూ రాయాలి, దగ్గర్లోని పీజోమీటరు (నీటిమట్టం చూసే గొట్టం) లేదా ఆడని బోరు ఒకటి గమనించాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, యోగి వేమన విశ్వవిద్యాలయంలో, కర్నూలు ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడు ప్రాజెక్టు కోసం వెతికే విద్యార్థులకు ఇంతకన్నా సొంతమైన పని ఏముంది? ఆలూరు గ్రానైటులో ఒక పరీక్ష, బనగానపల్లె వైపు సున్నపురాయిలో ఒకటి, పులివెందుల చీనీ తోటల మధ్య ఒకటి చేసి, కొలతలన్నీ ప్రోగ్రాముతో సహా బయట పెడితే, ఏ రాతిలో ప్రవాహ పరిమాణం ఎంతో మన సొంత అంకెల్లో తెలుస్తుంది. అప్పుడు వాల్టా చట్టం కింద బోర్ల మధ్య దూరం అడిగే రైతుకు ఆ రాతిని బట్టే జవాబు చెప్పొచ్చు.